నాలుగు వేల వేగంతో ఆగిపోయిన పెట్టె

ఇది మీ పనే. ఇసుకరేవు ఒడ్డున మైకు నోరు నొక్కింది మీరే. తీరాభివృద్ధి కమిటీ చైర్మన్ జగన్నాధం గారూ, మీరే. సాంకేతిక సలహాల అధికారి మోహనకృష్ణ గారూ, మీరే. ఆ రోజు షామియానా కింద కూర్చుని అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టిన పెద్దమనుషులారా, మీరూనూ. దాక్కోవడానికి చోటు వెతుక్కోకండి. ఎలాగూ దాక్కోరనుకోండి. మీ పేర్లు నల్లరాయి మీద బంగారు రంగు అక్షరాలతో చెక్కించుకున్నారు, రోడ్డు మీద పోయే బస్సులోంచి కూడా కనిపిస్తాయి. తప్పు చేసినవాళ్లే తమ పేర్లు చెక్కించుకుని, ఆ రాయికి దండేసి, పక్కన నిలబడి ఫొటోలు దిగడం మన దగ్గర ఆనవాయితీ. అందుకే మన దగ్గర దర్యాప్తులు ఇంత సులువు, శిక్షలు ఇంత అరుదు.

సరే. జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం.

భావనపాడు దాటి ఒడ్డు వెంట కాస్త పైకి పోతే ఇసుకరేవు వస్తుంది. పడవలూ వలలూ, చేపలు ఎండబెట్టిన ఇసుక, ఆ వాసనకి ముక్కు మూసుకుని వచ్చి ఉపన్యాసాలిచ్చి పోయే పెద్దలు - ఇదీ ఊరు. ఒడ్డున ఒక పొడుగాటి సరుగుడు కర్ర ఉండేది. గాలివాన వస్తుందని కబురు అందితే, ఆ సమయానికి ఒడ్డున ఎవడుంటే వాడు ఆ కర్రకి ఎర్రగుడ్డ కట్టేవాడు. ఎర్రగుడ్డ కనబడితే పడవ నీళ్లలోకి దిగదు. కనబడకపోతే దిగుతుంది. తాతల నాటి నుంచీ ఆ ఊరికి తెలిసిన వాతావరణ శాస్త్రమంతా ఇంతే. గుడ్డ ఉంటే ఆగు, లేకపోతే పో. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత పీకల మీదికి వచ్చింది ఇదే.

ఇంత వెనకబడిన పద్ధతి మీద ఇసుకరేవు బతకడం జగన్నాధం గారి మనసుని కలచివేసింది. ఆయన సముద్రంలోకి ఎప్పుడూ వెళ్లలేదు. ఒకసారి వెళ్తే వాంతులయ్యాయని అంటారు గానీ అది ప్రతిపక్షం పుట్టించిన మాట. ఆయన కలత ఫలించి ఊరికి 'సముద్ర హెచ్చరికల కేంద్రం' వచ్చింది. ఒక గది, ఒక కంప్యూటర్, గది పైకప్పు మీద నాలుగు వైపులకీ నాలుగు మైకులు. గాలి కబురు ఎక్కడి నుంచో తీగల మీద వచ్చి కంప్యూటర్‌లో పడుతుంది, కంప్యూటర్ దాన్ని మైకులో చదువుతుంది. మధ్యలో మనిషి అవసరం లేదు. అయినా ఒక మనిషిని పెట్టారు. కంప్యూటర్ తప్పు చేస్తే తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి కదా.

ఆ మనిషే దుర్గాభవాని. పాలిటెక్నిక్ చదివిన పిల్ల. కాంట్రాక్టు ఉద్యోగం. తండ్రి ఎల్లాజీ పడవ నడుపుతాడు, తల్లి అసిరమ్మ రేవులో చేపలు కోసి అమ్ముతుంది. ఇంట్లో మొదటి కుర్చీ ఉద్యోగం కాబట్టి భవాని ఆ కుర్చీని రోజూ తుడిచేది. ప్రారంభోత్సవం రోజున కుర్చీ లేదు. దాన్ని వేదిక మీదకి తీసుకెళ్లి చైర్మన్ గారి అల్లుడికి వేశారు. భవాని పూలబొకే పట్టుకుని కంప్యూటర్ పక్కన నిలబడింది.

శిలాఫలకం పెట్టడానికి ఊరు మొత్తం వెతికితే, దేవుడి దయవల్ల, సరుగుడు కర్ర ఉన్న చోటే శ్రేష్ఠమని తేలింది. కర్ర పీకేశారు. వృథా పోనివ్వలేదు లెండి. గేటు దగ్గర మళ్లీ పాతి, చైర్మన్ గారు రెండు చేతులూ జోడించి నవ్వుతున్న ఫ్లెక్సీ దానికే కట్టారు.

వేదిక ఎక్కాక జగన్నాధం గారు గొంతు సవరించుకున్నారు. "ఇసుకరేవు ప్రజలారా! మీరు ఎన్నో ఏళ్లుగా ఎదురుచూశారు. రోడ్డు కోసం ఎదురుచూశారు. మంచినీళ్ల కోసం ఎదురుచూశారు. జెట్టీ కోసం ఎదురుచూశారు." ఇక్కడ జనం రోడ్డూ నీళ్లూ జెట్టీ వచ్చాయని చెప్తారేమోనని ముందుకి వంగారు. "ఇకమీదట ఎదురుచూపు అనే మాట నా పాలనలో వినబడదు!" అని ఆయన ముగించారు. చప్పట్లు.

తర్వాత కంప్యూటర్ చూడటానికి గదిలోకి వచ్చారు. శ్రీకాకుళం షాపు నుంచి దాన్ని తెచ్చి బిగించిన వినోద్ అక్కడే ఉన్నాడు. తెర మీద సెట్టింగుల పేజీ తెరిచి ఉంది. అంకెలు కనబడితే పెద్దవాళ్లు అడుగుతారు. ఆయనా అడిగారు.

"ఈ పదహారు ఏంటి?"

"మెమరీ టైమింగ్ సార్," అన్నాడు వినోద్. "లోపలున్న బుర్ర ఏదైనా అడిగితే మెమరీ వెతికి తీసివ్వాలి సార్. వెతకడానికి కాస్త సమయం ఇవ్వాలి కదా. అంతసేపు ఆ బుర్ర ఆగుతుంది. ఎంతసేపు ఆగాలో చెప్పే అంకె సార్ అది."

చైర్మన్ గారి ముఖం కందగడ్డ అయ్యింది. "అంటే నా కంప్యూటర్‌లో ఒకడి కోసం ఒకడు ఎదురుచూస్తున్నాడా? ఇప్పుడే కదయ్యా బయట మాటిచ్చాను!"

"అది ఉండాలి సార్..."

"తొమ్మిది చెయ్యి."

తొమ్మిదే ఎందుకంటే ఆయన కారు నంబరు కలిపితే తొమ్మిది వస్తుంది. సాంకేతిక కారణం అదే.

"ఈ వేగం?"

"మూడు వేల రెండొందలు సార్."

"భావనపాడు కేంద్రంలో ఉన్నదాని వేగమెంత?"

ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికి ఎవరూ ప్రయత్నించలేదు. "అయితే నాలుగు వేలు పెట్టు. వాళ్లది ఎంతైనా దీనికంటే తక్కువే అవుతుంది," అన్నారు చైర్మన్ గారు.

వినోద్ చేతులు నలుపుకున్నాడు. "ఈ మెమరీ ఒప్పుకోదు సార్. వేగం పెంచి, ఆగే సమయం తగ్గిస్తే అందుకోలేదు. అసలు మిషనే లేవదు."

అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉన్న మోహనకృష్ణ గారు ముందుకొచ్చారు. ఇలాంటి ఘడియ కోసమే ప్రభుత్వం ఆయన్ని పెంచి పోషిస్తోంది. "ఒప్పుకోవడం ఏంటయ్యా? అది మెమరీ. మనం చెప్పింది గుర్తుపెట్టుకోవడమే దాని పని. దాని అభిప్రాయం ఎవరడిగారు?"

భవానికి నవ్వొచ్చింది. బొకే అడ్డం పెట్టుకుంది.

వినోద్ అంకెలు మార్చాడు. షామియానా వెనక కూర్చోబెట్టిన రాతిపనివాడికి మోహనకృష్ణ గారు అవే అంకెలు అరిచి చెప్పారు. రాయి మీద అందుకే ఖాళీ వదిలారట. లోపల కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలయ్యేలోపు బయట రాయి మీద 'వేగం 4000, ఎదురుచూపు 9' అని చెక్కడం పూర్తయింది. ప్రభుత్వ పని అంత చురుగ్గా జరగడం శ్రీకాకుళం జిల్లాలో ఎవరూ చూసి ఉండరు.

కంప్యూటర్ మాత్రం లేవలేదు. ఫ్యాను తిరిగింది. లోపల ఒక చిన్న పసుపు దీపం వెలిగింది. కీ కీ కీ మని మూడుసార్లు అరిచి ఊరుకుంది. కాసేపటికి మళ్లీ మూడుసార్లు. తెర నల్లగా అలాగే ఉంది.

పరువు చైర్మన్ గారే కాపాడారు. "చూశారా! కళ్లకి అందనంత వేగం! వచ్చిందీ తెలియలేదు, పోయిందీ తెలియలేదు!" అని చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. కిటికీ బయట ఆడవాళ్ల గుంపులోంచి అసిరమ్మ మాత్రం, "ఓలమ్మా, ఏటీ కనబడ్డం నేదు కదే?" అంది. పక్కావిడ మోచేత్తో పొడిచింది. "ఊరుకోయే, మనకి సదువు నేదు, అందుకే కనబడ్డం నేదు." అసిరమ్మ కూడా చప్పట్లు కొట్టింది. అబద్ధం ఎందుకు, భవాని కూడా కొట్టింది.

చివర్న పెట్టె మూతకీ ఒంటికీ కలిపి ఒక స్టిక్కర్ అంటించారు. చైర్మన్ గారి నవ్వుముఖం, కింద 'తెరవరాదు' అని. ముఖంలో సగం మూత మీద, సగం పెట్టె మీద. మూత తీయాలంటే ముఖం చీలాలి.

బస్సెక్కే ముందు వినోద్ అసలు మందు చెప్పేశాడు. అదేమంత గొప్ప విద్య కాదు. కరెంటు తీసెయ్. మూత విప్పు. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, దాన్ని కాసేపు బయటికి తీసి మళ్లీ పెట్టు. మిషన్ తనకి ఎక్కించిన అంకెలన్నీ మర్చిపోయి, తనకి చేతనైన నిదానంతో లేస్తుంది. ఈ మాట భవానికి చెప్పాడు, మోహనకృష్ణ గారికి చెప్పాడు, చైర్మన్ గారి డ్రైవర్‌కి చెప్పాడు, డ్రైవర్ టీకొట్టులో చెప్పాడు. వారం తిరిగేసరికి ఇసుకరేవులో ఈ వైద్యం తెలియని ముసలమ్మ లేదు. రోగం తెలుసు, మందు తెలుసు, మందు చేతికి అందే దూరంలో ఉంది. అందుకని దర్యాప్తు మొదలైంది.

మొదట తెర మార్చారు. కొత్త తెర పాత తెరకంటే నిగనిగలాడే నలుపు చూపించింది. తర్వాత మౌసు మార్చారు. కీబోర్డు మార్చారు. కరెంటు సరిపోవడం లేదేమోనని జనరేటర్ తెచ్చారు. ఇప్పుడు కీ కీ కీలు జనరేటర్ మోతలో వినబడటం మానేశాయి. దీన్ని 'పరిస్థితిలో గణనీయమైన మెరుగుదల' అని రాసుకున్నారు. గదికి ఏసీ పెట్టారు. ఏసీ చల్లదనం కోసం మోహనకృష్ణ గారు తరచూ తనిఖీకి రావడం మొదలుపెట్టారు. గుమ్మానికి గుమ్మడికాయ కట్టారు. పసుపు దీపం వెలుగుతూనే ఉంది కాబట్టి 'కేంద్రం నిరంతరాయంగా వెలుగులో ఉన్నది' అని పైకి నివేదిక పంపారు. ఏ మాటకామాటే, అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఒకరోజు భవాని ధైర్యం చేసి అడిగింది. "సార్, ఆ బ్యాటరీ తీసి పెడితే అయిపోతుంది కదా?"

మోహనకృష్ణ గారు ఆమెని జాలిగా చూశారు. "తీస్తే ఏమవుతుందమ్మా?"

"లేస్తుంది సార్."

"ఎంత వేగంతో?"

"రెండు వేల చిల్లరతో సార్. వినోద్ మొదట పెట్టిన మూడు వేల రెండొందలు కూడా మర్చిపోతుంది."

"మరి రాయి మీద ఎంతుంది?"

భవాని కిటికీలోంచి రాయి వైపు చూసింది.

"రాయి అబద్ధమాడుతోందని ఊరంతా అనుకోవాలా? కంప్యూటర్‌దేముందమ్మా, ఇవాళ పోతే రేపు ఇంకోటి వస్తుంది. రాయి శాశ్వతం. రాయికి తగ్గట్టు మిషన్ ఎదగాలి గానీ, మిషన్ కోసం రాయి దిగిరాదు. పైగా ఆ స్టిక్కర్... నువ్వు చించుతావా? నన్ను చించమంటావా?"

ఇది పాలనాశాస్త్రం. పాలిటెక్నిక్‌లో చెప్పరు.

ఈలోగా ఒడ్డున ఏం జరుగుతోందో చూద్దాం. తాతల నాటి లెక్క చెప్పాను కదా: గుడ్డ ఉంటే ఆగు, లేకపోతే పో. కర్ర పోయింది, మైకు వచ్చింది. జనం అదే లెక్కని మైకుకి తగిలించుకున్నారు. మైకు అరిస్తే ఆగు, అరవకపోతే పో. మైకు అరవదు. అది చచ్చింది కాబట్టి అరవదని ఊళ్లో అందరికీ తెలుసు. అయినా పొద్దున్నే ఒడ్డుకొచ్చి, చెవి రిక్కించి, "మైకు ఏటీ అన్లేదు కదా, పదండ్రా," అని పడవలు తోసేవాళ్లు. శవం కాదనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనే రకం. నవ్వకండి. మీ ఊళ్లో మీరు దేనికి తలూపుతున్నారో ఒకసారి చూసుకుని అప్పుడు నవ్వండి.

కమిటీ ఈ ప్రజావిశ్వాసాన్ని గౌరవించి ఒక ఉత్తర్వు తెచ్చింది. 'మైకు మౌనముగా నున్నచో సముద్రము ప్రశాంతముగా నున్నట్లు భావించవలెను. మైకు హెచ్చరిక లేకుండా ఒడ్డున ఆగిపోయిన పడవలకు డీజిలు రాయితీ నిలుపుదల చేయబడును.' అంటే చచ్చిన మైకు చెప్పేదాకా బతికున్నవాడు ఆగకూడదు.

భవాని ఒకసారి ఆ ఉత్తర్వు మీరింది. తన ఫోన్‌కి గాలి హెచ్చరిక వస్తే, చేతిమైకు పట్టుకుని ఒడ్డున చదివేసింది. పడవలు ఆగాయి. ఆ రోజు గాలి దారి మార్చుకుని ఒరిస్సా వైపు పోయింది. మర్నాడే మెమో వచ్చింది: 'అనధికార గాలిని ప్రచారము చేసినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.' గాలికి అధికారం ఉండాలని సముద్రానికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

దక్షిణపు గాలి తోలినప్పుడు భావనపాడు మైకు ఇక్కడిదాకా సన్నగా వినిపించేది. అక్కడిది పాత కంప్యూటర్, నత్తలా లేస్తుంది, కానీ రోజూ లేస్తుంది. ఇసుకరేవు వాళ్లు దాన్ని విని జాగ్రత్తపడుతున్నారని తెలిసి చైర్మన్ గారు నొచ్చుకున్నారు. "మన నాలుగు వేల వేగాన్ని పెట్టుకుని పక్కూరి నత్త మాట వింటారా? ఊరికి పౌరుషం ఉండొద్దా?" అని సభ పెట్టి నిలదీశారు. ఆ సభకీ చప్పట్లు.

ఇక ఆ రోజు సంగతి.

మధ్యాహ్నం భోజనాల వేళ. ఆకాశం శుభ్రంగా ఉంది. భవాని ఫోన్ మోగింది. పొద్దు వాలేలోపు ఈదురుగాలి, కెరటాలు ఎత్తుగా లేస్తాయి, వేటకి వెళ్లొద్దని. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా ఒడ్డుకి పరుగెత్తింది. పడవలు బయల్దేరుతున్నాయి. ముందు వరసలో తండ్రి పడవ.

"నాన్నా, ఎల్లొద్దు. గాలొస్తాదంట."

ఎల్లాజీ వల సర్దుతూ తల ఎత్తకుండానే అన్నాడు. "ఎవులు సెప్పారు?"

"ఫోన్లో వచ్చినాది."

"నీ పోన్లో గాలికి సైర్మన్ గారి సంతకం ఉన్నాదేటి?" పక్కవాళ్లు నవ్వారు. ఎల్లాజీ కూతురి ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నాకు తెల్దేటే గుంటా? పొద్దుట్నించి గాలి ఒంటి మీద జిగట్లాడతన్నాది. ఆగితే డీజిలు ఆపేస్తారు. డీజిలు నేకపోతే నా పడవ ఒక్కటే కాదు, నాతో వచ్చినోళ్లందరి పొయ్యిలూ ఆరిపోతాయి. నాను ఆగాలంటే ఆ పెట్టి సెప్పాల. అది సెప్పదు. బేగి ఒచ్చెస్తానులే."

ఇంజిను మోగింది. పడవ కెరటాలు దాటింది.

భవాని తల్లి దగ్గరికి వెళ్లింది. అసిరమ్మ నీడలో కూర్చుని వంజరం ముక్కలు కోస్తోంది.

"అమ్మా, నాన్న ఎల్లిపోనాడు. గాలొస్తాది. అబద్ధం కాదమ్మా."

అసిరమ్మ చెయ్యి ఆగింది. "మైకు మాటాడితే మిగిల్నోల్లు ఆగుతారా?"

"ఆగుతారు."

"మూత తీస్తే మాటాడతాదా?"

"మాటాడతాది. కానీ మూత మీద..."

"మూత మీదేటున్నాది?"

"చైర్మన్ గారి ముఖం."

అసిరమ్మ కోస్తున్న చేపని పక్కన పెట్టింది. "ఒలే, ఇన్నాల్లూ ఈ ఊరు ఒక కాయితం ముకానికి భయపడి సముద్రంలోకి ఎల్తన్నాదేటే? పద, కత్తి నా సేతిలోనే ఉన్నాది."

కేంద్రం గదిలో ఏసీ చల్లగా ఉంది. మోహనకృష్ణ గారు తనిఖీలో భాగంగా కుర్చీలో కునుకు తీస్తున్నారు. చేపల వాసనకి కళ్లు తెరిచి చూసేసరికి, రక్తం అంటిన కత్తితో ఒక ఆడమనిషి చైర్మన్ గారి ముఖం వైపు వెళ్తోంది.

"ఏయ్! ఎవరమ్మా నువ్వు? అది ముట్టుకోకూడదు! దానికో పద్ధతుంది! కమిటీ తీర్మానం..."

"మీరు కూకోండి బావూ. కుర్సీ మా గుంటదే, పరవానేదు." ఆ మాటకి మోహనకృష్ణ గారు నిజంగానే కూర్చుండిపోయారు. అసిరమ్మ చేప పొట్ట చీల్చినంత ఒడుపుగా, ముక్కుకీ మీసానికీ మధ్యగా, ఒక్క గీత గీసింది. ముఖం రెండయ్యింది. భూమి బద్దలవ్వలేదు. ఆకాశం ఊడిపడలేదు. మూత ఊడింది, అంతే.

భవాని తీగ పీకేసింది. లోపల బ్యాటరీని గోటితో పైకి లేపింది. ఇప్పుడు కాసేపు ఆగాలి. నాలుగు వేల వేగంతో పాలించిన ఆ గదిలో, ఆ కొద్దిసేపూ మొట్టమొదటిసారి ఎవరో నిజంగా ఎదురుచూశారు. కిటికీలోంచి భవాని సముద్రం వైపే చూస్తోంది. దూరంగా నీళ్ల అంచున నల్లగా ఒక చార లేచింది. బిళ్లని మళ్లీ లోపలికి నొక్కింది. తీగ పెట్టింది. మీట నొక్కింది.

ఫ్యాను తిరిగింది. పసుపు దీపం వెలిగింది. ఆరింది. తెర మీద నిదానంగా, ఏ తొందరా లేకుండా, వెలుగు వచ్చింది. ఇన్నాళ్లుగా కంప్యూటర్ గడప దాటలేక బయట నిలబడ్డ హెచ్చరిక లోపలికి వచ్చింది. పైకప్పు మీద నాలుగు మైకులూ గొంతు విప్పాయి. "మత్స్యకారులకు హెచ్చరిక..."

ఒడ్డున తోస్తున్న పడవలు ఆగిపోయాయి. కెరటాల్లో ఉన్నవి వెనక్కి తిరిగాయి. ఎల్లాజీ పడవ మాత్రం మైకు వినబడే దూరం దాటిపోయింది. వెనక పడవలో భాస్కర్ అనేవాడు ఎల్లాజీకి వరసకి బావమరిది. వాడు ఒంటి మీద ఎర్ర చొక్కా విప్పి, తెడ్డుకి కట్టి, పైకెత్తి ఊపాడు. ఎల్లాజీకి ఏ మైకూ వినబడలేదు. ఎర్రగుడ్డ కనబడింది. ఎర్రగుడ్డ కనబడితే ఏం చెయ్యాలో అతనికి పుట్టుకతో తెలుసు. పడవ తిప్పాడు.

గాలి వాళ్లని ఒడ్డుకి కూతవేటు దూరంలో పట్టుకుంది. పడవ బోర్లా పడింది. వలలు పోయాయి, ఇంజిను పోయింది, ఎల్లాజీ భుజం విరిగింది. మనుషులందరూ ఈదుకుంటూ, ఈడ్చుకుంటూ ఒడ్డుకి వచ్చారు. అసిరమ్మ కత్తి ఇంకా చేతిలోనే పెట్టుకుని మొగుణ్ని చూసి, "బేగి ఒచ్చెస్తానన్నావు కదా మావా, ఇలాగేటి రావడం?" అంది. తర్వాత ఇసకలో చతికిలబడి ఏడ్చింది.

కథ ఇక్కడ ముగిస్తే మీరు కళ్లు తుడుచుకుని పక్కకి తిరిగి పడుకుంటారు. ముగించను. మర్నాడు జరిగింది వినండి.

మర్నాడు అసిరమ్మని పోలీసు స్టేషన్‌కి పిలిచి లోపల పెట్టారు. అభియోగం: మారణాయుధముతో ప్రజాప్రతినిధి ముఖమును ఛేదించుట. కత్తికి అంటిన రక్తం చేపదని ఆమె చెప్పింది. చేప నుంచి వాంగ్మూలం లేదని రాసుకున్నారు. భవానికి ఉద్యోగం తీసేశారు. కారణం: ప్రభుత్వ వేగమును సగానికి తగ్గించి అభివృద్ధిని కుంటుపరచినందుకు.

దర్యాప్తు నివేదిక మోహనకృష్ణ గారే రాశారు. ఆయన ప్రత్యక్ష సాక్షి కదా, కుర్చీలోంచి అంతా చూశారు. అందులో తేలింది ఇది. ఆ రోజు హెచ్చరిక ఇచ్చినప్పుడు కంప్యూటర్ నాలుగు వేల వేగంతో లేదు. రాతి మీద ఉన్న వేగంతో ఇవ్వని హెచ్చరిక చట్టరీత్యా హెచ్చరిక కాదు. కాబట్టి ఆ మధ్యాహ్నం అధికారికంగా మైకు మౌనంగానే ఉంది. మైకు మౌనంగా ఉంది కాబట్టి సముద్రం ప్రశాంతంగా ఉంది. ప్రశాంతమైన సముద్రంలో పడవ బోర్లా పడటం ఎల్లాజీ అజాగ్రత్త. వలకీ ఇంజినుకీ నష్టపరిహారం రాదు. వెనక్కి తిరిగి వచ్చిన పడవల వాళ్లు, చావకుండా ఎందుకు వచ్చారో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఆఖరి మాట కొంచెం నేను మార్చాను. వాళ్లు 'వేట విరమించుటకు గల కారణములు' అని రాశారు. అర్థం అదే.

వినోద్‌ని మళ్లీ పిలిపించారు. రాలేదు. విశాఖపట్నం నుంచి ఇంకొకణ్ణి తెచ్చారు, వాడు ఏమీ అడగలేదు. పెట్టెలో అంకెలు మళ్లీ ఎక్కించారు. ఈసారి ఎదురుచూపు ఎనిమిదికి తగ్గింది. రాయి మీద తొమ్మిదిని దిద్ది ఎనిమిది చేశారు. ముందు రాయిని మార్చలేమన్నది నిదానం వైపు మార్చలేమని, వేగం వైపైతే ఎన్నిసార్లైనా దిద్దొచ్చు. కొత్త స్టిక్కర్ పెట్టె నాలుగు వైపులా చుట్టేంత పెద్దది. మళ్లీ షామియానా వేశారు. ఫ్యాను తిరిగింది, పసుపు దీపం వెలిగింది, కీ కీ కీ మంది, తెర నల్లబడింది. చైర్మన్ గారు లేచి నిలబడి, "ఈసారి ఇంకా వేగం!" అన్నారు.

చప్పట్లు. ముందు వరసలో ఎర్ర చొక్కా భాస్కర్ కూడా ఉన్నాడు. డీజిలు కావాలి కదా. కట్టుకట్టిన భుజంతో ఎల్లాజీ ఒంటిచేత్తో తొడ మీద చరిచాడు.

చప్పట్లు కొట్టనిది ఒక్క అసిరమ్మే. ఆ పూటే బెయిలు మీద బయటికొచ్చి, సభలోకి రాకుండా గేటు దగ్గర ఆగింది. పీకేసిన పాత సరుగుడు కర్ర అక్కడే ఉంది, చైర్మన్ గారి ఫ్లెక్సీ మోస్తూ. ఆమె భుజాన ఉన్న ఎర్రచీర ముక్కని దానికి కట్టింది. ఆ రోజు గాలి లేదు. గుడ్డ కిందికి వేలాడి, సరిగ్గా ఆయన ముఖం మీద పడింది. ఆ గుడ్డ ఎవరిదో, ఏ అధికారంతో కట్టారో, ఎప్పుడు దింపాలో తేల్చడానికి కమిటీ వేశారు.

ఇప్పుడు చేయవలసింది చెప్తాను, ఊరికే వినకండి. జగన్నాధం గారూ, ఆ మూత విప్పండి. మీ ముఖం చిరిగితే చిరగనివ్వండి, మీకు ఇంకా చాలా ఉన్నాయి. బిళ్ల బయటికి తీయండి. మెమరీకి అది అడిగినంత సమయం ఇవ్వండి. రాయి మీద అంకెల్ని ఉలితో చెరిపేయండి. దుర్గాభవానిని ఆ కుర్చీలో కూర్చోబెట్టండి. అసిరమ్మ మీద కేసు ఎత్తేయండి. ఎల్లాజీకి వలా ఇంజినూ ఇవ్వండి. ఇవాళే. మీ సభ అయ్యాక కాదు, ఇవాళే. మీ పాలనలో ఎదురుచూపు లేదన్నారు కదా.

మీరు చెయ్యరని తెలుసు. అందుకని అసలు డిమాండు మీతో కాదు. షామియానా కింద కూర్చున్నవాళ్లారా, ఇది చదువుతూ అక్కడక్కడా నవ్వుకున్నవాళ్లారా, తెర నల్లగా ఉందని మీకు కనబడుతూనే ఉంది. కత్తులు పట్టుకు రమ్మనడం లేదు. ముందు ఆ చేతులు కిందికి దించండి. చప్పట్లు ఆపండి. తర్వాత వెళ్లి, ఆ కర్ర దగ్గర అసిరమ్మ పక్కన నిలబడండి. గుడ్డ దింపడానికి వాళ్లు వచ్చినప్పుడు, దింపనివ్వకండి.